తాళంచెవి బయటికి రాని తాళం
(ఫోన్లలో, కంప్యూటర్లలో హార్డ్‌వేర్ భద్రత: ఒక పాఠం)



ఈ సంచిక కోసం నేను ఎంచుకున్న అంశం హార్డ్‌వేర్ భద్రత. పేరు వినగానే ఇది ఇంజనీరింగ్ చదివేవాళ్ల సబ్జెక్టు, మనకెందుకు అనిపించవచ్చు. ఒక్కసారి మన ఇళ్లవైపు చూడండి. దేవరగట్టు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, హొళగుంద, కోసిగి, పెద్దకడుబూరు మండలాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలల్లో, బెంగళూరు కట్టడాల దగ్గర సంపాదించిన కూలీ, ఉపాధి హామీ డబ్బు, అవ్వాతాతల పింఛను, మన ఉపకార వేతనం ఇవన్నీ ఇప్పుడు ఏదో ఒక యంత్రం మీద వేలు పెడితేనో, ఫోన్‌లో అంకెలు నొక్కితేనో మన చేతికి వస్తాయి. ఆ యంత్రం నమ్మదగినది కాకపోతే పోయేది మన అమ్మానాన్నల చెమట. ఇంట్లో చదువుకున్నది మనమే కాబట్టి ఈ సంగతి తెలుసుకుని వాళ్లకు చెప్పవలసిందీ మనమే.

పదో తరగతి విద్యార్థికి అర్థమయ్యేటట్లు ఈ పాఠం రాయడానికి ప్రయత్నించాను. ఓపికగా చదవండి.

1. ఎండ్‌పాయింట్ అంటే ఏమిటి?

సమాచారం ఒకచోట పుట్టి, తీగల మీదుగా, టవర్ల మీదుగా ప్రయాణించి, చివరికి ఒక మనిషి చేతిలోని పరికరానికి చేరుతుంది. ఆ చివరి పరికరాన్నే ఎండ్‌పాయింట్ అంటారు. ఫోన్, కంప్యూటర్, రేషన్ షాపులో ఈపాస్ మిషన్, వేలిముద్ర స్కానర్, ఏటీఎం కార్డు అన్నీ ఎండ్‌పాయింట్లే.

దీన్ని మన తుంగభద్ర దిగువ కాలువతో పోల్చుకోవచ్చు. డ్యామ్ దగ్గర గేట్లు ఉంటాయి, సిబ్బంది ఉంటారు, లెక్క ఉంటుంది. అయినా చివరి ఆయకట్టు రైతు నీళ్లు రాలేదని మొర పెట్టుకుంటూనే ఉంటాడు. కాలువ పొడవునా, తూముల దగ్గర ఏం జరుగుతోందో చూసేవాళ్లు తక్కువ. కంప్యూటర్ లోకంలోనూ అంతే. బ్యాంకు పెద్ద కంప్యూటర్లకు గట్టి కాపలా ఉంటుంది. దొంగ అక్కడికి పోడు. కాపలా లేని తూము దగ్గరికి, అంటే మన చేతిలోని పరికరం దగ్గరికే వస్తాడు.

2. సాఫ్ట్‌వేర్ తాళం ఎందుకు చాలదు?

మన హాస్టల్లో ప్రతి ఒక్కరికీ ట్రంకుపెట్టె ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. తాళంచెవిని పెట్టె కిందే దాచేవాడు ఒకడు. మొలతాడుకు కట్టుకునేవాడు ఇంకొకడు. ఇద్దరి తాళాలూ ఒకే కంపెనీవైనా ఇద్దరి భద్రతా ఒకటి కాదు.

కంప్యూటర్‌లో ఫైళ్లకు వేసే తాళాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. ఒక రహస్య సంఖ్య సాయంతో అక్షరాలను గజిబిజిగా మార్చేయడమన్నమాట. ఆ రహస్య సంఖ్యే తాళంచెవి, దాన్నే 'కీ' అంటారు. మరి ఆ కీని ఎక్కడ దాచాలి? అదే కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో దాస్తే పెట్టె కింద చెవి పెట్టినట్టే. కంప్యూటర్‌లోకి దూరిన వైరస్ ఫైళ్లతోపాటు కీని కూడా చదివేస్తుంది. చదవగలిగినదాన్ని కాపీ చేయగలదు. కాపీ జరిగితే మన దగ్గర ఏదీ పోయినట్టు కనపడదు. పెట్టెలో బియ్యం పోతే ఖాళీ కనిపిస్తుంది. కీ కాపీ అయితే ఖాళీ కూడా కనిపించదు.

ఇక్కడే ఈ పాఠంలోని ముఖ్య సూత్రం ఉంది. కాపీ చేయగలిగిన రహస్యాన్ని ఎప్పటికైనా దొంగిలించవచ్చు. కాబట్టి రహస్యాన్ని కాపీ చేయడానికి వీలులేని చోట పెట్టాలి. అలాంటి చోటును చిప్‌లోనే ప్రత్యేకంగా తయారు చేయడమే హార్డ్‌వేర్ భద్రత.

దేవరగట్టు వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. దసరా రాత్రి బన్ని ఉత్సవంలో మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాలు బయటికి వచ్చినప్పుడు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు కర్రలు పట్టి చుట్టూ వలయంగా నిలబడతారు. అంతమంది ఉన్నా ఆ రాత్రి ఎన్ని తలలు పగులుతాయో మనకు తెలుసు. బయటికి వచ్చినదాన్ని కాపాడటం అంత కష్టం. గుడిలోని మూలవిరాట్టుకు ఆ చిక్కు లేదు. అది కదలదు. భక్తులే దాని దగ్గరికి పోయి పని చేయించుకుని వస్తారు. హార్డ్‌వేర్ భద్రతలో కీ మూలవిరాట్టు వంటిది. లెక్క చేయవలసిన విషయం చిప్‌లోకి పోతుంది, జవాబు బయటికి వస్తుంది. కీ మాత్రం గడప దాటదు.

3. ఏటీఎం కార్డు: నల్లగీత నుంచి బంగారు చిప్‌కు

పాత ఏటీఎం కార్డు వెనుక నల్లటి అయస్కాంత గీత ఉండేది. అందులో కార్డు వివరాలు రాసి ఉండేవి, ఎప్పుడు చదివినా అవే అంకెలు వచ్చేవి. దొంగలు ఏటీఎం మూతికి చిన్న రీడర్ అతికించి ఆ గీతను చదివేవాళ్లు, ఖాళీ కార్డు మీద మళ్లీ రాసుకునేవాళ్లు. దీన్నే స్కిమ్మింగ్ అన్నారు.

ఇప్పుడు కార్డు ముందువైపు బంగారు రంగు చిప్ ఉంటుంది. అది నిజానికి ఒక బుల్లి కంప్యూటర్. ప్రతి లావాదేవీకి అది తన కీతో లెక్క చేసి కొత్త సంకేతాన్ని తయారు చేస్తుంది. నిన్నటి సంకేతాన్ని దొంగ రాసుకున్నా ఇవాళ పనికిరాదు. 2018 డిసెంబరు 31 లోగా గీత కార్డుల స్థానంలో చిప్ కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. మన ఇళ్లలో చాలామంది కార్డులు మార్చుకున్నది అప్పుడే, కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. కారణం ఇదే.

4. సిమ్ కార్డు: ప్రశ్న, జవాబు

కీ బయటికి రాకుండా 'కీ నా దగ్గర ఉంది' అని ఎలా నిరూపించాలి? సిమ్ కార్డు ఈ పనిని మనకు తెలియకుండా రోజూ చేస్తూనే ఉంటుంది.

ఒక చిన్న లెక్కతో చూద్దాం. మీకూ నాకూ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్య 37 అనుకోండి. నేను 52 అని అడుగుతాను. మీరు 52ను 37తో గుణించి, 1924లో చివరి రెండంకెలు 24 చెబుతారు. నేనూ అదే లెక్క చేసి సరిచూసుకుంటాను. తర్వాత 61 అడుగుతాను. గుణిస్తే 2257, మీరు 57 చెబుతారు. పక్కన కూర్చుని వింటున్నవాడికి 52, 24, 61, 57 వినిపించాయి గానీ 37 వినిపించలేదు. రేపు నేను ఇంకో సంఖ్య అడిగితే వాడి దగ్గర జవాబు ఉండదు.

అయితే ఇంత చిన్న లెక్కలో, గణితంలో గట్టివాడు కాసేపు కూర్చుంటే 37ను పట్టేయగలడు. అందుకే అసలు వ్యవస్థలో కీ 128 బిట్లు ఉంటుంది. అంటే దాదాపు 39 అంకెల సంఖ్యల్లో ఏదైనా కావచ్చు. లెక్క కూడా గుణకారంలాగా వెనక్కి తిప్పడానికి వీలు కానిది. నెట్‌వర్క్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది, సిమ్ లోపలే లెక్క చేసి జవాబు పంపుతుంది. సిమ్‌లోని కీ, కంపెనీ దగ్గరున్న దాని జంట, ఈ రెండు చోట్లు తప్ప ఇంకెక్కడా కీ ఉండదు.

లెక్క బలహీనమైతే చిప్ ఒక్కటే కాపాడలేదు. తొలినాటి సిమ్ కార్డుల్లో వాడిన ఒక లెక్కలో లోపం ఉందని, సిమ్ చేతికి దొరికితే ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి కీని రాబట్టవచ్చని 1998లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత లెక్కను మార్చారు. గట్టి పెట్టె, గట్టి లెక్క రెండూ ఉండాలని దీనివల్ల తెలిసింది.

5. స్మార్ట్‌ఫోన్‌లో గర్భగుడి

2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌లో వేలిముద్ర చూసే మీటతో పాటు 'సెక్యూర్ ఎన్‌క్లేవ్' అనే విడి భాగాన్ని చిప్‌లో పెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రాసెసర్‌లోనే ఒక వేరు గది ఉంటుంది, దాన్ని 'ట్రస్టెడ్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్' అంటారు. పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. వాట్సాప్, ఆటలు, వీడియోలు నడిచేది బయటి హాలు. కీలు, వేలిముద్ర గుర్తులు ఉండేది లోపలి గది. హాల్లో ఉన్న యాప్ లోపలి గదిని 'ఈ వేలు సరైనదేనా?' అని అడగవచ్చు. 'అవును' లేదా 'కాదు' అనే జవాబు వస్తుంది. వేలిముద్ర బొమ్మ మాత్రం యాప్ చేతికి రాదు.

ఆండ్రాయిడ్ 10తో, అంటే 2019 నుంచి, మార్కెట్లోకి కొత్తగా వచ్చే ప్రతి ఫోన్‌లోనూ లోపలి సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలనే నిబంధన పెట్టారు. తక్కువ ధర ఫోన్లకూ ఇది వర్తిస్తుంది. అయితే ఆ తాళానికి బలం మీరు పెట్టే పిన్ నుంచే వస్తుంది.

నాలుగంకెల పిన్‌లు మొత్తం 10,000. సెకనుకు ఒకటి చొప్పున ప్రయత్నిస్తే రెండు గంటల 47 నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. ఆరంకెల పిన్‌లు 10 లక్షలు. వాటికి పదకొండున్నర రోజులు పడుతుంది. చిప్ ఇక్కడ ఇంకో మేలు చేస్తుంది. తప్పు పిన్ కొట్టినకొద్దీ ఆగవలసిన సమయాన్ని అదే పెంచుతూ పోతుంది. ఫోన్ మెమరీని ఊడదీసి పెద్ద కంప్యూటర్‌కు తగిలించి వేగంగా ప్రయత్నిద్దామన్నా కుదరదు. మీ పిన్‌తో పాటు ఆ చిప్‌లో పుట్టుకతో ఉన్న ఇంకో రహస్య సంఖ్య కలిస్తేనే తాళం తెరుచుకుంటుంది. 1234 అనో, పుట్టిన సంవత్సరమనో పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ ఏర్పాట్లన్నీ వృథా. మొదటి ఐదు ప్రయత్నాల్లోనే దొంగ లోపలికి వస్తాడు.

6. కంప్యూటర్‌లో టీపీఎం

కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఉండే ఇలాంటి చిప్‌ను టీపీఎం అంటారు. 'ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్' అనే మాటకు పొట్టి పేరు. కొన్నింటిలో ఇది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. దీని 2.0 ప్రమాణం 2014లో వచ్చింది. 2021లో విడుదలైన విండోస్ 11కు ఇది తప్పనిసరి చేశారు. పాత కంప్యూటర్లు విండోస్ 11ను తీసుకోకపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

టీపీఎం ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది.

మొదటిది, హార్డ్ డిస్క్ తాళంచెవిని తన దగ్గర ఉంచుకోవడం. ఎవరైనా డిస్క్‌ను ఊడదీసి వేరే కంప్యూటర్‌కు పెడితే గజిబిజి తప్ప ఏమీ కనపడదు. చెవి పాత కంప్యూటర్ చిప్‌లోనే ఉండిపోయింది కదా.

రెండోది, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఒక్కో మెట్టునూ కొలవడం. మొదటి ప్రోగ్రాం రెండోదాన్ని కొలిచి టీపీఎంలో నమోదు చేస్తుంది, రెండోది మూడోదాన్ని. పత్తి మార్కెట్లో కాటాకు తూనికలు కొలతల శాఖ సీలు వేసినట్టు అనుకోండి. సీలు చెదిరితే కాటాను నమ్మం. అలాగే ఎవరైనా మొదటి ప్రోగ్రాంను మార్చి ఉంటే కొలత తేడా వస్తుంది, టీపీఎం చెవి ఇవ్వదు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. మదర్‌బోర్డు కాలిపోతే చెవీ పోతుంది. అందుకే విండోస్ బిట్‌లాకర్ తాళం వేసేటప్పుడు 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. దాన్ని కాగితం మీద రాసి వేరేచోట భద్రంగా పెట్టుకోవాలి. అదే ల్యాప్‌టాప్ సంచిలో పెడితే మళ్లీ పెట్టె కింద చెవి కథే. దాచుకోకపోతే మీ ప్రాజెక్టు రిపోర్టు మీకే దొరకదు.

7. ఆఫీసుల్లో డిజిటల్ సంతకం టోకెన్

సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చాక మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత వచ్చింది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల మీద ఇప్పుడు తహసీల్దార్ సంతకం డిజిటల్‌గానే ఉంటుంది. ఆ సంతకం చేసే కీ పెన్‌డ్రైవ్ లాంటి ఒక యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. చూడటానికి పెన్‌డ్రైవే గానీ అందులోని కీని కాపీ చేసుకోవడానికి వీలులేదు. పత్రం లోపలికి పోతుంది, సంతకం బయటికి వస్తుంది.

మరి మోసం ఎలా జరుగుతుంది? టోకెన్‌ను కంప్యూటర్‌కు తగిలించి వదిలేసి, పిన్ నంబరును చీటీ మీద రాసి మానిటర్‌కు అతికించి, 'నువ్వే చేసెయ్యి' అని ఆపరేటర్‌కు అప్పగించడం వల్ల. మీలో రేపు పంచాయతీ కార్యదర్శులు, సచివాలయ ఉద్యోగులు, డిప్యూటీ తహసీల్దార్లు అయ్యేవాళ్లు ఉన్నారు. ఈ ఒక్క మాట ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. టోకెన్ మీ చేయి. చేయి కోసి ఇంకొకరికి ఇవ్వం కదా.

ఇదే పద్ధతిని ఈమెయిల్ వంటి ఖాతాలకూ వాడుతున్నారు. గూగుల్ సంస్థ తన 85,000 మందికి పైగా ఉద్యోగులకు ఇలాంటి భౌతిక తాళాలు ఇచ్చింది. 2017 మొదట్లో అవి తప్పనిసరి చేసిన తర్వాత ఉద్యోగుల పని ఖాతాల్లో ఒక్కటి కూడా ఫిషింగ్ వల్ల చేతులు మారలేదని 2018లో ప్రకటించింది. దొంగ వెబ్‌సైట్ మనిషి కంటిని మోసం చేయగలదు. చిప్ మాత్రం వెబ్‌సైట్ అసలు చిరునామాకే జవాబిస్తుంది. ఇప్పుడు ఫోన్లలో వస్తున్న 'పాస్‌కీ' అనేది కూడా ఈ కోవలోదే, దానికి విడిగా డబ్బు పెట్టనక్కరలేదు.

8. వేలిముద్ర: మన ఇళ్లకు దగ్గరి సమస్య

ఇప్పటిదాకా చదివిన సూత్రంతో వేలిముద్రను పరీక్షిద్దాం. అది రహస్యమా? కాదు. మనం పట్టుకున్న ప్రతి గ్లాసు మీద, సంతకం రానివాళ్లు వేలు వేసిన ప్రతి కాగితం మీద ఉంటుంది. కాపీ చేయవచ్చా? చేయవచ్చు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం.

ఇది ఊహ కాదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి పోలీసులకు చిక్కాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులను దించుకుని, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో నకిలీ వేళ్లు చేసి, ఎవరెవరి పేర్ల మీదనో వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్లు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసి, వందమందికి పైగా ఖాతాల నుంచి డబ్బు లాగారు.

డబ్బు ఎలా వచ్చింది? ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకునే పద్ధతిని ఆధార్ చెల్లింపు వ్యవస్థ అంటారు. దానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. చదువురాని వాళ్లకు, బ్యాంకుకు ఇరవై కిలోమీటర్లు పోలేని వాళ్లకు ఇది పెద్ద సాయం. అదే సౌకర్యం దొంగకూ దారి అయింది.

దీనికి మందు యంత్రంలోనే వెతికారు. మొదట్లో వేలిముద్ర స్కానర్ కేవలం ఒక కెమెరా. బొమ్మ తీసి తీగ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చేది. మధ్యలో ఎవరైనా పాత బొమ్మను దూర్చవచ్చు. ఆధార్ సంస్థ ఉడాయ్ 2017లో 'రిజిస్టర్డ్ డివైస్' పద్ధతి తెచ్చింది. ప్రతి స్కానర్‌కూ సొంత గుర్తింపు, సొంత కీ ఉండాలి. పట్టిన ప్రతి ముద్ర మీద ఆ యంత్రం సంతకం ఉండాలి. ఇందులో రెండు స్థాయులు పెట్టారు. ఎల్0 స్థాయిలో ఎన్‌క్రిప్షన్ స్కానర్ తగిలించిన ఫోన్ లేదా కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎల్1 స్థాయిలో ఆ పని స్కానర్‌లోని భద్రమైన గదిలోనే జరిగిపోతుంది. బయటికి వచ్చేసరికే తాళం పడి ఉంటుంది. అందుకే ఎల్0 నుంచి ఎల్1కు మారాలని ఉడాయ్ సంస్థలను ఆదేశించింది. 2023 ఫిబ్రవరిలో ఇంకో ఏర్పాటును ప్రకటించింది. వేలి గీతల గుర్తులతో పాటు వేలి బొమ్మను కూడా చూసి, అది బతికున్న వేలా, రబ్బరు తొడుగా అని సాఫ్ట్‌వేర్ తేల్చుతుంది.

అమ్మానాన్నల చేతుల సంగతి కూడా చెప్పుకోవాలి. మిరపకాయలు కోసి, సిమెంటు మోసి అరిగిపోయిన వేళ్లను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. అప్పుడు 'మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు' అంటారు. నిజాయితీగా అన్నవాళ్లూ ఉంటారు. ఒక ముద్రకు డబ్బు తీసేసి, 'పడలేదు' అని చెప్పి రెండో ముద్రకు డబ్బు ఇచ్చేవాళ్లూ ఉంటారు. యంత్రం ఎంత మంచిదైనా తెరమీద ఏముందో చదవలేని మనిషికి అది తోడు నిలవదు. ఆ చోట చిప్ చేయలేని పనిని చదువుకున్న బిడ్డ చేయాలి. రసీదు అడగాలి, ఫోన్‌కు వచ్చిన మెసేజ్ చదివి వినిపించాలి.

9. హార్డ్‌వేర్ భద్రత చేయలేనివి

ఏ మందుకైనా హద్దులుంటాయి.

మన నోటితో చెప్పిన ఓటీపీని ఏ చిప్పూ కాపాడలేదు. తాళంచెవిని మనమే అందించాక తాళం ఏం చేస్తుంది?

చిప్‌లోనే లోపం ఉండవచ్చు. 2017లో ఒక పేరున్న కంపెనీ చిప్‌లలో కీలు తయారుచేసే పద్ధతిలో లోపం బయటపడింది. ఎస్టోనియా అనే చిన్న దేశంలో ఆ చిప్‌లున్న గుర్తింపు కార్డులు దాదాపు 7 లక్షల 60 వేలు. ప్రభుత్వం వాటి డిజిటల్ సర్టిఫికెట్లను ఆపివేసి, కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. సాఫ్ట్‌వేర్ లోపాన్ని అప్‌డేట్‌తో సరిచేయవచ్చు. చిప్ లోపం చాలాసార్లు అంత తేలికగా పోదు.

తాళం తీసి ఉన్న ఫోన్‌ను ఇంకొకరికి ఇస్తే లోపలి గది ఉన్నా లేనట్టే. హాస్టల్లో ఒకే ఫోన్ పదిమంది చేతులు మారుతుంది కాబట్టి ఇది మనకు ముఖ్యం.

10. మనం ఈ రోజే చేయగలిగినవి

వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు.

1. ఫోన్‌కు ఆరంకెల పిన్ పెట్టండి. పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబరు వద్దు.

2. సిమ్‌కు కూడా పిన్ పెట్టవచ్చు. పోయిన సిమ్‌ను దొంగ తన ఫోన్‌లో వేసి మన ఓటీపీలు చదవకుండా ఇది ఆపుతుంది. తప్పు పిన్ మూడుసార్లు కొడితే సిమ్ ఆగిపోతుంది, తెరవడానికి పీయూకే నంబరు కావాలి. కాబట్టి కంపెనీ ఇచ్చిన పిన్ ఏమిటో తెలుసుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి.

3. ఇంట్లో వాళ్ల ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేయవచ్చు. ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ, ఆధార్ యాప్‌లో గానీ చేయవచ్చు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి. తాళం వేస్తే దొంగ వేలే కాదు, మన వేలూ పనిచేయదు. రేషన్‌కు, పింఛనుకు వేలు పెట్టే రోజు కొద్దిసేపు తెరవాలి. అవ్వకు నెలనెలా అవి వస్తుంటే, తెరవడానికి ఇంట్లో ఎవరూ ఉండకపోతే, తొందరపడి తాళం వేయకండి. వాడని ఖాతా ఉంటే ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యాన్ని ఆపమని బ్యాంకులో రాతపూర్వకంగా అడగడం ఇంకో మార్గం.

4. ఆధార్ జిరాక్స్ ఇచ్చే ప్రతిచోటా అంకెలన్నీ కనిపించనక్కరలేదు. చివరి నాలుగంకెలే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్'ను ఉడాయ్ వెబ్‌సైట్ నుంచి తీసుకోవచ్చు.

5. నెట్ సెంటర్‌లో ఉపకార వేతనం దరఖాస్తు చేశాక లాగౌట్ కావడం, దింపుకున్న ఫైళ్లను తొలగించడం మరవకండి. ఆ కంప్యూటర్ మీది కాదు, అందులో ఏ చిప్ ఉన్నా అది మీ కోసం పనిచేయదు.

6. మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే విండోస్ సెక్యూరిటీలో 'డివైస్ సెక్యూరిటీ' తెరిచి సెక్యూరిటీ ప్రాసెసర్ ఉందో లేదో చూడండి. ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో దాచండి.

7. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడి మోసం వల్ల డబ్బు పోయినప్పుడు, మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుకు నష్టం పడకూడదని 2017 జులైలోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. సుగ్గి నుంచి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

అభ్యాసం

ఈ ప్రశ్నలకు స్టడీ అవర్‌లో మీ గదివాళ్లతో చర్చించి జవాబులు రాయండి.

1. రహస్య సంఖ్య 43. ప్రశ్న 29. గుణించి చివరి రెండంకెలు చెప్పండి. ఈ ప్రశ్న, జవాబు రెండూ విన్నవాడికి తర్వాతి జవాబు ఎందుకు తెలియదు?
2. పెన్‌డ్రైవ్‌కూ డిజిటల్ సంతకం టోకెన్‌కూ తేడా ఏమిటి?
3. పాస్‌వర్డ్, వేలిముద్ర, సిమ్‌లోని కీ, ఈ మూడింటిలో కాపీ చేయగలిగినవి ఏవి? మార్చుకోగలిగినవి ఏవి?
4. మీ ఇంట్లో ఎవరెవరు ఏయే యంత్రాల మీద వేలు పెడుతున్నారు? సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక జాబితా రాసి తీసుకురండి.

నాలుగో ప్రశ్నకు మార్కులు లేవు. అయినా దాన్నే ముందు చేయండి.